పూసల పనితనము

 

గంపను శిరస్సున నిడికొని పూసలు, సూదులు, దువ్వెనలు నమ్ముచు నూరూర సంచరించిన మన పెద్దల వృత్తిని కేవలము బేరమని యెంచుట పొరపాటు. ఆ పూసలఁ గొన్న గృహిణులు విసనకఱ్ఱ యంచునకును, ద్వారతోరణమునకును, ఎద్దు మెడపట్టెడకును వానిని గూర్చి నిత్యోపయోగవస్తువులకు శోభ నొసంగిరి. దారిలోఁ దొరకిన గురిగింజయు, గవ్వయు వారి చేతిలో నలంకారములయ్యెను.

ఈ పూస యెచ్చటఁ బుట్టెను? నేఁటి తిరుపతి జిల్లా యేర్పేడు మండలమందలి పాపానాయుడుపేట గాజుపూసలకుఁ బ్రసిద్ధికెక్కిన గ్రామము. అచ్చటి పనివారు కరఁగిన గాజుముద్దను ఇనుపగొట్టము కొనకుఁ జేర్చి, నడుమ రంధ్రము నిలుచునట్లు సన్నని నాళముగా లాగుచుండిరి. నాళమును తునుకలు గావించి బూడిదతోఁ గలిపి కాఁచినచో నంచులు గుండ్రనగును; బూడిద రంధ్రమును పూడనీయదు.

పుదుచ్చేరి చెంత నరికమేడునందు 1945లో వీలరు పండితుఁడు త్రవ్వకములు జరిపించెను. రెండువేల యేండ్లనాఁడే యిట్లు లాగిన గాజుపూసలు అచ్చటఁ దయారైనవి. ఆ జాతి పూసలు సముద్రము దాఁటి తూర్పుదేశములకుఁ జేరెను. 1987లో స్టెర్న్ అను విదేశీయ విదుషి పాపానాయుడుపేట రహస్యమును గూర్చి వ్యాసము ప్రకటించెను.

పరదేశీయులు వ్రాసిరి, మనము వ్రాయమైతిమి. కావ్యములందలి ముక్తాహారములను యావజ్జీవము బోధించిన నేను, మా యవ్వ చేతి పూసల విసనకఱ్ఱ నెవరు కుట్టిరని యొక్కనాఁడైన నడుగనైతిని. అడుగఁదలఁచు నాఁటికి అవ్వయు లేదు, విసనకఱ్ఱయు లేదు.

కావున ప్రతి కుటుంబమును వచ్చు మహాసభకు ఇంటఁ గల పూసలపని వస్తువు నొకదానిని, చేసినవారి పేరు వ్రాసి, తేవలయునని నా ప్రార్థన. వానిని భద్రపఱచుటకొక యద్దాల బీరువాను పోషకులు దయచేయుదురు గాక!