ప్రదర్శనశాలలును ఆసనములును : గృహోపకరణ చరిత్రమున నొక విచారణ

సంత, తిరునాళ్లు, ప్రదర్శనము అను మూడును జనసమ్మర్దముచే నొక్కటిగా దోచినను వాని స్వభావములు వేరు. సంతలో కొనువాడు వస్తువును చేతబట్టి చూచి, బేరమాడి, మోసికొని పోవును. తిరునాళ్లయందు దైవదర్శనము ముఖ్యము. క్రయవిక్రయములు దాని వెంట వచ్చునవి. ప్రదర్శనమునందో, చూపుటయే ప్రధానము. హైదరాబాదున 1938వ సంవత్సరమున మొదలైన పారిశ్రామిక ప్రదర్శనమును జనులు ‘నుమాయిష్’ అని వ్యవహరించుట యెల్లరెరిగినదే. పారసీకమునుండి వచ్చిన యా పదమునకును చూపుట యనియే యర్థము.

చూపుటయే ప్రధానమైనచో, వస్తువు నుంచు బల్ల, దాని వెనుకనున్న తెర, చూడవచ్చినవాడు కూర్చుండు కుర్చీ, గోడకు వేసిన రంగు ఇవియు వస్తువుతో సమానమగు ప్రాధాన్యము వహించును. గృహోపకరణములు ప్రదర్శనశాలలలో రెండు విధములుగా నుండినవి: చూపబడు వస్తువులుగా నొకటి, చూపు సాధనములుగా నొకటి. ఈ రెండును గడచిన నూటడెబ్బదియేండ్లలో నెట్లు కలిసిపోయినవో, ఆ మార్పునందు మన పనివాండ్ర వస్తువుల కెట్టి స్థానము లభించినదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండను నగరమున తెరవబడిన మహాప్రదర్శనమునుండి యీ చరిత్రమును ప్రారంభించుట యుక్తము. జోసెఫు పాక్స్‌టను నిర్మించిన యా గాజుమందిరము 1848 అడుగుల పొడవు గలది. దానిని చూచినవారు అరువది లక్షలకు మించిరి. లోపలి యినుపకమ్ములకు ఓవెన్ జోన్స్ అను శిల్పశాస్త్రజ్ఞుడు నీలము, ఎఱుపు, పసుపు వర్ణములు వేయించెను. వస్తువులకు ముందు మందిరమునకే యలంకారము కావలెనను భావమున కది తొలి గుర్తు.

ఆ మందిరమున రెండు తెగల ఆసనములుండెను. మొదటిది తిరువాన్కూరు మహారాజు విక్టోరియా రాణికి కానుకగా పంపిన దంతసింహాసనము. అందలి చెక్కడపుబని యపూర్వము. ప్రదర్శనము ముగిసిన నాటి సభలో రాణి భర్తయగు ఆల్బర్టు దానిపై గూర్చుండెను. రెండవ తెగవి వియన్నాలో పని చేయుచుండిన మైకేల్ థోనెట్ పంపిన కుర్చీలు. కఱ్ఱను కోసి అతుకుటకు మారుగా వంచి రూపమిచ్చుట వాని విశేషము. వానికి కంచుపతకము మాత్రము లభించెను.

తరువాతి కథయందు వీని గతులు వేరు. సింహాసనము రాజసంగ్రహమును జేరి యచ్చటనే నిలిచెను. థోనెట్ తన విధానమును మెఱుగుపఱచి, బీచ్ అను చెట్టు కఱ్ఱలను ఆవిరిలో మెత్తబఱచి యచ్చులలో వంచి, 1859వ సంవత్సరమున 14వ సంఖ్య గల కుర్చీని వెలువరించెను. దానికి కఱ్ఱముక్కలు ఆఱు, మరలు పది, బిరడలు రెండు. విడదీసిన కుర్చీలు ముప్పదియాఱు ఒక ఘనమీటరు పెట్టెలో నిమిడెడివి. 1867వ సంవత్సరపు పారిసు ప్రదర్శనమున దానికి స్వర్ణపతకము వచ్చెను. ఒకటి మరల చేయ నలవిగానిది. మఱియొకటి యెన్నిమారులైనను చేయదగినది. ప్రదర్శనములు రెండింటిని మెచ్చుకొనెను గాని, లోకమునకు బంపినది రెండవదానినే.

ఇట విశాఖపట్టణపు పనివాండ్ర ప్రసక్తి వచ్చుచున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఆ రేవుపట్టణపు వడ్రంగులు ఐరోపావారు కోరిన కుర్చీలు, బీరువాలు, వ్రాతబల్లలు చేసి, వానిలో దంతపు పలకలు పొదిగి, ఆ పలకలపై లతలు గీసి, గీతలలో నల్లలక్క నింపెడివారు. తరువాత దంతపు రేకులతో పైభాగమెల్ల కప్పుటయు, గంధపుచెక్క పెట్టెలకు తాబేటిచిప్ప, ఏదుపందిముండ్లు, కొమ్ము కూర్చుటయు వాడుకలోనికి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దపు ప్రదర్శనములకు బోయినవి ముఖ్యముగా నిట్టి పెట్టెలే. చేయించినవారి పేళ్లు కొన్ని నిలిచినవి గాని, చేసినవారి పేళ్లు చాలవఱకు నశించినవి.

1851లో భారతవిభాగమును ఏర్పఱచినది ఈస్టిండియా కంపెనీ. అంబారీని చూపుటకై యొక యింగ్లీషు పల్లెటూరి వస్తుశాలనుండి, చర్మమున గడ్డి కూరి నిలిపిన యేనుగును దెప్పించిరి. ఈ యొక్క విషయమే ఆ విభాగపు తీరును దెలుపును. మన వస్తువు లచ్చట వింతల ప్రోవుగా నుండెను. వానిని వాడు ఇల్లు, కూర్చుండు తీరు, వెలుతురు, నేల ఏవియు లేవు. అదే మందిరమున పుగిన్ అను ఆంగ్లశిల్పి మధ్యయుగపు రీతిలో చేయించిన బల్లలు, దీపములు, తెరలు, లోహపాత్రములు ఒక్కచోట జేర్చి, ఒక కాలపు గృహమంతయు కన్నులకు గట్టునట్లు చేసెను. మన పనితనమును మెచ్చినవారు లేకపోలేదు. ప్రదర్శనానంతరము విద్యార్థులకై కొనిన వస్తువులలో భారతదేశపువి పెక్కులుండెను. ఓవెన్ జోన్స్ 1856లో ప్రకటించిన అలంకారశాస్త్రగ్రంథమున మన చిత్రరచనను మిగుల కొనియాడెను. అయినను, ఆ మెప్పు నగిషీకి జెందినదే గాని గృహమునకు జెందినది గాదు.

ఆ పిమ్మట ప్రదర్శనముల వ్యాపారపద్ధతియే మాఱెను. జర్మనీదేశపు లైప్జిగు నగరమున శతాబ్దములుగా సరకులు బండ్లమీద దెచ్చి యమ్మెడి సంత జరుగుచుండెను. 1895వ సంవత్సరమున దానిని మచ్చుల సంతగా మార్చిరి. వర్తకుడు సరకునకు బదులు మచ్చును మాత్రము దెచ్చి, చూపి, కోరికలు వ్రాసికొనిపోవును. సరకుల గుట్ట లేనిచోట చూచువాని నాకర్షింపవలసినది అమరికయే. కావున మచ్చులనుంచు అరలును, మాటలాడుటకు కుర్చీలును బల్లలును వర్తకమున కావశ్యకములయ్యెను.

గదినే చూపుపద్ధతి పారిసు నగరమున ప్రబలెను. 1900వ సంవత్సరపు ప్రదర్శనమున సీగ్‌ఫ్రీడ్ బింగ్ అను వర్తకుడు తన మంటపమున పూర్తిగా నలంకరింపబడిన గదులనే చూపెను. 1925వ సంవత్సరపు అలంకారకళా ప్రదర్శనము పూర్వరీతుల ననుకరించు వస్తువులను నిషేధించెను. అందు రూల్‌మాన్ అను శిల్పి యొక ధనికుని గృహమును విలువగల కఱ్ఱలతో నింపెను. లె కొర్బూజియే యన్ననో, కర్మాగారపు టరలను, థోనెట్ వంపు కుర్చీలను దన మంటపమున నుంచెను. 1851లో కంచుపతకము గొన్న విధానము, డెబ్బదినాలుగేండ్ల పిదప క్రొత్తదనమునకు సాక్ష్యముగా నిలిచెను.

వస్తువును, చూపు సాధనమును ఏకమైన తావు 1927వ సంవత్సరపు బెర్లిను వస్త్రప్రదర్శనము. పట్టునేతగాండ్ర పక్షమున లిల్లీ రైష్ అను స్త్రీయు, మీస్ వాన్ డెర్ రోయె యను శిల్పియు నొక కాఫీశాలను గల్పించిరి. దానికి గోడలు లేవు. లోహపుగొట్టములనుండి నలుపు, నారింజ, ఎఱుపు మఖమలు తెరలును, బంగారు, వెండి, నలుపు, నిమ్మపసుపు వన్నెల పట్టుతెరలును వ్రేలాడదీసిరి. అమ్మదగిన బట్టయే గోడయయ్యెను. కొనవచ్చినవాడు ఉక్కుగొట్టపు కుర్చీపై గూర్చుండి దానిని జూచెను. 1929లో బార్సిలోనా నగరమున జర్మనీ మంటపమును నిర్మించినప్పుడు ఆ మంటపమున చూపదగిన సరకే లేదు. రాతిపలకలు, నీరు, స్పెయిను రాజదంపతుల కొఱకు కల్పించిన కుర్చీలు ఇంతియే. 1930లో దానిని విప్పివేసిరి. 1986లో అదే చోట మరల గట్టిరి. ఆ కుర్చీని మీస్ పేరనే చెప్పుట చిరకాలము వాడుక. జర్మనీ విభాగపు కళాధ్యక్షతను వహించిన లిల్లీ రైష్ పేరు విద్వాంసుల పరిశోధనచే మాత్రమే మరల వెలుగులోనికి వచ్చెను.

తరువాతి విషయములను సంగ్రహముగా జెప్పవచ్చును. 1961లో మిలానున గృహోపకరణములకే వార్షికప్రదర్శన మేర్పడెను. అల్యూమినియపు స్తంభములు, పలకలు బిగించి కొలదికాలములో గట్టి విప్పు అంగడులు నేడు సర్వత్ర వ్యాపించినవి. విడదీసి పెట్టెలో బెట్టవలెనను థోనెట్ సూత్రము కుర్చీనుండి గదికి బ్రాకినదన్నమాట.

దీనివలన దేలినదేమి? ప్రదర్శనము వస్తువు గుణమును మాత్రమే కొలుచు త్రాసు గాదు. ఎవరు, ఏ పరిసరమున, ఏ వెలుతురున చూపిరో దానినిబట్టి వస్తువు వింతయో, శాస్త్రమో, సరకో యగుచున్నది. విశాఖపట్టణపు వడ్రంగి పనితనమున కొదువలేదు. అతనికి గది యీయబడలేదు. ఒక దంతపు పెట్టెను గూర్చి వ్రాయువారు దాని కొలతలతోను నగిషీతోను తృప్తిపడక, అది యే ప్రదర్శనమున నెవరి విభాగమున దేనిప్రక్క నుంచబడెనో కూడ నమోదు చేయవలెను. అట్లు చేసిననాడు, పేరు లేని యా పనివానికి ఇల్లు వాకిలియైనను చరిత్రమున దొరకును.