అంబాసిడర్ ఇంజిన్‌కి శాంటా క్లారాలో రన్నింగ్ ఇన్

ఫ్రెండ్స్, ఈ వారం వీసా గోల కాదు, ఒక ఇంజిన్ కథ. కాస్త ఓపిగ్గా చదవండి.

మా వీధిలో ఒక రిటైర్డ్ అమెరికన్ పెద్దాయన దగ్గర 1957 నాటి ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజిన్ మొత్తం విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి మళ్ళీ బిగించాడు. బానెట్ ఎత్తి చూపిస్తే నాకు నోట మాట రాలేదు. అది మన అంబాసిడర్ ఇంజినే!

ఊరికే అనట్లేదండీ. 1950ల్లో బ్రిటన్‌లో బీఎంసీ వాళ్ళు చేసిన బి-సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోకీ వెళ్ళింది, 1955లో వచ్చిన ఎంజీఏలోకీ వెళ్ళింది. లక్షకు పైగా తయారైన ఎంజీఏల్లో ఎక్కువ భాగం అమెరికాకే వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ మోడలేమో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాకి చేరి అంబాసిడర్ అయింది. మొదట్లో పాత సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది, తర్వాత ఈ 1489 వచ్చింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది.

పెద్దాయన ప్లాన్ ఏంటంటే, స్టార్ట్ చేసి గంటసేపు ఐడిల్‌లో వదిలేద్దామని. నాకెందుకో అనుమానం వచ్చింది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు ఇవే ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. ఇక్కడ శనివారం సాయంత్రం, అక్కడ ఆదివారం పొద్దున. వీడియో కాల్ చేశా.

"ఐడిల్‌లో పెట్టొద్దని చెప్పరా. క్యామ్‌కి ఆయిల్ చాలదు, తినేస్తుంది" అన్నాడు.

ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టించాడు. తర్వాత స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఉంచమన్నాడు. క్రాంకు అంత స్పీడుగా తిరిగితేనే ఆయిల్ చిమ్మి క్యామ్‌నీ ట్యాపెట్లనీ తడుపుతుంది. ఇంకో సంగతి ఇక్కడ తెలిసింది. కొత్త ఆయిళ్ళలో జింక్, ఫాస్ఫరస్ తగ్గించేశారు, క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా. పాత ట్యాపెట్లకి అవే రక్ష. అందుకే పెద్దాయన బ్రేక్-ఇన్ ఆయిల్ విడిగా కొన్నాడు.

ఇక రోడ్డు మీద. మన చిన్నప్పుడు అంబాసిడర్ వెనక అద్దం మీద "రన్నింగ్ ఇన్" అని రాసుండేది గుర్తుందా? నెమ్మదిగా నడపడమే అనుకునేవాణ్ణి. అది సగమే నిజమట. హోనింగ్ చేసిన సిలిండర్‌లో సన్నటి అడ్డగీతలుంటాయి, వాటి మీద రింగులు అరిగి కూర్చోవాలి. మరీ లాగితే వేడెక్కి గీసుకుపోతాయి. మరీ మెల్లగా తోలితే గ్యాస్ ప్రెషర్ చాలక రింగులు గోడకి ఆనవు, గోడ అద్దంలా నున్నగా అయిపోయి బండి ఎప్పటికీ ఆయిల్ తాగుతూనే ఉంటుంది.

"కాస్త ఎత్తు, కాస్త వదులు. ఒకే స్పీడులో పోనివ్వకు" అన్నాడు నాన్న.

ఆదివారం తెల్లవారుజామున సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద అలాగే తోలాం. నిన్నటికి 500 మైళ్ళయ్యాయి. ఆయిల్ మార్చి, హెడ్ మళ్ళీ టైట్ చేసి, ట్యాపెట్లు సెట్ చేశాం. పొగ లేదు. పెద్దాయన నాన్నకి ఫోన్లోనే దణ్ణం పెట్టాడు.

నాన్న దగ్గర ఇవేవీ కాగితం మీద లేవు. ఇరవై నిమిషాల మాట కూడా నేనడిగితేనే చెప్పాడు. మీ ఇంట్లో కూడా పాత మెకానిక్కో, లారీ డ్రైవరో, లేత్ మేస్త్రీయో ఉంటే ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. విన్నది కామెంట్‌లో రాయండి, నేను దాచి పెడతా.