ఒక్క బైటు మార్చి

మదనపల్లె టమాటా మండీలో సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు, సాయంత్రం లెక్కలు ఎక్కించే వేళకే కంప్యూటరు మొరాయించిందనుకోండి. ఏ ప్రాసెస్ ఎంత వాడుతోందో చూపే 'టాప్' తెరిచి చూస్తే ప్రాసెసరు సగం ఖాళీ, మెమరీకీ కొదవ లేదు. అయినా తెర కదలదు. లోపల ఏదో ప్రాసెస్ దేనికోసమో కాచుకుని ఉంది. డిస్కు కోసమా, ఇంకో ప్రాసెస్ పట్టుకున్న లాక్ కోసమా అన్నది టాప్ తేల్చి చెప్పదు. ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డైన కెర్నెల్ లోపలికి తొంగిచూడాల్సిందే.

పాతికేళ్ల కిందట లినక్సులో అందుకు చాలామందికి తెలిసిన దారి ఒక్కటే. అనుమానం ఉన్న చోట సందేశం అచ్చువేసే ఒక 'ప్రింట్‌కే' లైను రాసి, కెర్నెల్‌ని మళ్ళీ కంపైల్ చేసి, రీబూట్ చేయాలి. తీరా రీబూట్ అయ్యాక జబ్బు కనపడదు. పైగా నడుస్తున్న బ్యాంకు సర్వరును ఇలా ఆపనిచ్చేదెవరు?

ఐబీఎంలో ఈ బాధకు మందు ఓఎస్/2 ఆపరేటింగ్ సిస్టం కాలం నుంచే ఉంది. నడుస్తున్న సిస్టంలో కావలసిన చోట ట్రేస్ పెట్టే ఆ పద్ధతినే లినక్సుకు తెచ్చి డీప్రోబ్స్ అన్నారు. రిచర్డ్ మూర్ 2001లో యూసెనిక్స్ సదస్సులో దాని మీద పత్రం సమర్పించారు. గట్టి పరికరమే. కాకపోతే దానికో సొంత చిన్న భాష, ఆ భాషను కెర్నెల్ లోపలే నడిపే ఇంటర్‌ప్రెటరు. అంత సరంజామాకు అసలు కెర్నెల్‌లో చోటు దొరకలేదు. దొరక్కపోవడమే మేలైందని నా లెక్క.

కుప్పంలో రైలెక్కితే బంగారుపేట మీదుగా బెంగళూరు. పుంగనూరు, మదనపల్లె పిల్లలు చదువయ్యాక బస్సెక్కి ఎక్కువగా పోయేదీ ఆ ఊరికే. 2002 అక్టోబరులో అక్కడి ఐబీఎం లినక్సు బృందంలో వంశీకృష్ణ ఎస్. డీప్రోబ్స్‌లోని అసలు కీలకాన్ని మాత్రం విడదీసి కేప్రోబ్స్‌గా రాశారు. కెర్నెల్ డెవలపర్ రస్టీ రస్సెల్ సలహాలూ అందులో కలిశాయి. ఈ పేర్లు, ఆ నెల కెర్నెల్ సోర్సులో కేప్రోబ్స్ ఫైలు తలభాగాన ఇప్పటికీ ఉన్నాయి.

అది చేసే పని చూస్తే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. మనం అడిగిన చోట ఉన్న ఆదేశానికి ముందుగా నకలు తీసి పెట్టుకుంటుంది. ఇంటెల్ తరహా ప్రాసెసరైతే, ఆ ఆదేశపు తొలి బైటును తీసేసి బ్రేక్‌పాయింట్ బైటు పెడుతుంది. ప్రాసెసరు అక్కడికి రాగానే ఆగుతుంది. మన చిన్న ఫంక్షను నడిచి, టైము రాసుకుంటుంది. తర్వాత ఆ నకలును ఒక్క అడుగు నడిపించి, ప్రాసెసరును దాని దారిన పోనిస్తుంది. పనయ్యాక పాత బైటు పాత చోటికే. రీబూట్ ఊసే లేదు. ఏం కొలవాలో, కొలిచినదాన్ని ఏం చేసుకోవాలో బయటివాళ్ల పూచీ.

2004లో సుపర్ణ భట్టాచార్య, ప్రసన్న పంచముఖి దాని మీద మరింత పని చేశారు. ఆ ఏడాదే 2.6.9 కెర్నెల్‌లో చేరింది. మరుసటి ఏడు ఫంక్షను తిరిగి వచ్చే చోటునూ పట్టుకునే వీలు వచ్చింది. అసలు ఉపయోగం అప్పుడే మొదలైందనాలి. లోపలికి పోయిన టైము, బయటికొచ్చిన టైము రెండూ చేతికొస్తే ఆలస్యం ఎక్కడో లెక్క తేలుతుంది. రెడ్‌హ్యాట్, ఐబీఎం, ఇంటెల్, హిటాచీ కలిసి నడిపిన సిస్టంట్యాప్ అనే ట్రేసింగ్ పరికరం దీని మీదే నిలబడింది.

కెర్నెల్ సరే, మనం రాసుకున్న ప్రోగ్రాముల సంగతి? అవే కిటుకులు అక్కడ అంత సులువుగా సాగలేదు. ఆధారం చేసుకుందామనుకున్న యూట్రేస్ అనే కోడ్‌ను కెర్నెల్‌లోకి తీసుకోలేదు. శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ ఇలాంటి ప్రోగ్రాముల కోసం ఉద్దేశించిన యూప్రోబ్స్‌ను మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. చివరికి ప్రోబ్‌ను, అంటే అలా పెట్టే ఆపుదల గుర్తును, ప్రాసెస్‌కు కాక ప్రోగ్రాము ఫైలుకే కట్టారు. ఆ ఫైలును ఎన్ని ప్రాసెస్‌లు నడిపినా అన్నిట్లోనూ ప్రోబ్ పనిచేస్తుంది. అలా 2012లో 3.5 కెర్నెల్‌తో లోపలికి వచ్చింది.

2015లో 4.1 కెర్నెల్ వచ్చేసరికి ఈబీపీఎఫ్ అనే పద్ధతిలో రాసిన చిన్న ప్రోగ్రాములను కేప్రోబ్స్‌కు తగిలించే వీలు కలిగింది. డీప్రోబ్స్‌తో పాటు గుమ్మం బయటే ఆగిన ఆలోచన, కెర్నెల్ లోపలే చిన్న ప్రోగ్రాము నడపడం, ఇంకో దారిన లోపలికొచ్చింది. ఈసారి ప్రతి ప్రోగ్రామునూ ఎక్కించే ముందే ఒక వెరిఫయర్ వరుసగా చదివి, ప్రమాదమనిపిస్తే వెనక్కి కొడుతుంది.