బొంగు చికెన్: మారిన పరిస్థితులు, మారని క్రిములు

అరకులోయ వెళ్ళినవారిలో బొంగు చికెన్ రుచి చూడకుండా తిరిగి వచ్చేవారు అరుదు. మీలో కూడా కొందరు తినే ఉంటారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు, నీళ్ళు పోయరు. వెదురులోనూ మాంసంలోనూ ఉన్న తేమే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది.

చరిత్ర విద్యార్థులు ఏ ఆచారాన్నైనా అది పుట్టిన పరిస్థితులతో కలిపి చూడాలి. గిరిజన గ్రామంలో కోడి ఇంటి ముందే తిరిగేది. పండుగకో, చుట్టం వచ్చినప్పుడో, దేవతకు మొక్కు తీర్చేటప్పుడో కోసేవారు. కోసిన కొద్దిసేపటికే అది నిప్పు మీదికి చేరేది. వండినది ఆ పూటే అయిపోయేది. నాటుకోడి పేగుల్లో క్రిములు ఉండవా అని మీరు అడగవచ్చు. ఉంటాయి. కానీ అవి పెరగడానికి వ్యవధి దొరికేది కాదు.

నిజానికి సూక్ష్మజీవశాస్త్రానికి కోడితో పాత బంధుత్వమే ఉంది. బలహీనపడిన క్రిమి టీకాగా పనిచేస్తుందని లూయీ పాశ్చర్ 1879-80లో కోళ్ళ కలరా మీద చేసిన ప్రయోగాలలోనే గ్రహించాడు. అయితే అది కోడిని చంపే క్రిమి. మనిషికి ముప్పు తెచ్చే క్రిములు కడుపులో ఉన్నా కోడి చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. వాటిలో ఒకటైన సాల్మొనెల్లాను 1885లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ పందుల నుంచి వేరుచేశాడు. పేరు మాత్రం ఆయన పై అధికారి డేనియల్ సాల్మన్‌కు దక్కింది! మరొకటైన కాంపిలోబాక్టర్ మనుషుల్లో విరేచనాలకు ఎంత సాధారణ కారణమో 1977లో బ్రిటన్‌లో స్కిరో ప్రచురించిన పరిశోధన తరువాతనే వైద్యలోకం గుర్తించింది.

ఈలోగా అరకు మారింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. ఖనిజం కోసం వేసిన దారే పర్యాటకుల దారి కూడా అయింది. 2017లో ఆ మార్గంలో అద్దాల పైకప్పు పెట్టె కూడా వచ్చింది. ఇంతమందికి ఊళ్ళోని నాటుకోళ్ళు ఎక్కడ సరిపోతాయి? దాదాపు ఆరు వారాల్లో తూకానికి వచ్చే బ్రాయిలర్ కోడి బొంగులోకి చేరింది.

అసలు చిక్కు బ్రాయిలర్‌తో కాదు, వేళతో. పొద్దున కొట్టి మసాలా పట్టించిన మాంసం మధ్యాహ్నపు రద్దీ కోసం బేసిన్‌లో ఎదురుచూస్తుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఇలాంటి క్రిములు పెరగగలవు. అనుకూలమైన వేడిలో సాల్మొనెల్లా అరగంటకోసారి రెట్టింపైతే, ఒక్క క్రిమి అయిదు గంటల్లో వెయ్యి దాటుతుంది. పసుపు, కారం దీన్ని ఆపుతాయని చాలామంది నమ్మకం. వంటలో వేసే మోతాదు అందుకు చాలదు.

నిప్పు ఆపగలదు. ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరితే ఈ క్రిములు చస్తాయి. కానీ బొంగు పైన నల్లబడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. ముక్కలు కుక్కి నింపిన బొంగులో నడిమి ముక్కకు వేడి ఆలస్యంగా అందుతుంది. మాంసం రంగును నమ్మడానికీ లేదు.

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ప్రధానంగా కల్తీ మీదే దృష్టి పెట్టింది. దాని స్థానంలో వచ్చిన 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు నుంచి అమలైంది. చిన్న దుకాణదారులు కూడా పేరు నమోదు చేసుకోవాలన్నది, పరిశుభ్రత పాటించాలన్నది అందులోని నియమాలు. గోడకు తగిలించిన కాగితం మాత్రం కత్తి ఎప్పుడు కడిగారో చెప్పదు. పచ్చి కోడిని కొట్టిన ఆ కత్తితోనే, ఆ మొద్దు మీదే ఉల్లిపాయ, నిమ్మకాయ కోస్తే? కోడి ముక్క బొంగులో కాలుతుంది. ఉల్లిపాయ పచ్చిగానే మీ విస్తరిలోకి వస్తుంది.