రికాబుల్లేని దొర

చెన్నై అన్నా సాలైలో ఐలాండ్ మైదానం దగ్గర ఎత్తైన దిమ్మె మీద గుర్రమెక్కిన కంచు దొర ఒకడు కనిపిస్తాడు. పేరు సర్ థామస్ మన్రో. కాస్త పరకాయించి చూస్తే గుర్రానికి జీను లేదు, దొర కాళ్లకు రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిసొచ్చి ప్రాణం తీసుకున్నాడనీ ఊళ్లో కథ.

కథ బాగుంది కానీ నిజం కాదు. ఆ విగ్రహాన్ని మలిచిన ఫ్రాన్సిస్ చాంట్రీ లండన్‌లో పేరుమోసినవాడు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగో జార్జి విగ్రహమూ ఆయనదే, అక్కడా జీనూ రికాబులూ లేవు. ప్రాచీన రోమన్లకు రికాబు తెలియదు. వాళ్ల పద్ధతి మీద మోజుతో చేసిన పని అది. రాజు విగ్రహంలో కూడా మరిచిపోతాడా ఎవరైనా?

మన్రో 1780లో కుంపిణీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. హైదరలీ మీద, తర్వాత టిప్పు మీద జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. 1817-18 మరాఠా యుద్ధంలో కొద్దిపాటి బలగంతోనే బాదామి, బెళగాం, షోలాపూర్ కోటలు పట్టాడు. గుర్రం మీద కూర్చోబెట్టడానికి ఆ గెలుపులు చాలు.

రాయలసీమలో మాత్రం ఆయన్ని తలుచుకునేది కోటలు పట్టినందుకు కాదు. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు, రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీని నిలబెట్టాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. అదే చేత్తో పాలెగాళ్లను అణచేశాడు. శిస్తూ తేలికేమీ కాదు. ఈ సంగతి పొగడ్తల్లో తరచూ జారిపోతుంది.

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశం వెళ్లేముందు దత్త మండలాలను చివరిసారి చూసిపోదామని బయల్దేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర బావి తవ్వించి, తోపు వేయించారు. విగ్రహానికి చందాలు పోగయ్యాయి. లండన్‌లో పోతపోసిన కంచు ఓడెక్కి వచ్చింది. 1839 అక్టోబరులో ఆవిష్కరించారు.

అదే రోడ్డులో 1857 తిరుగుబాటును క్రూరంగా అణచిన సైనికాధికారి నీల్ విగ్రహం కూడా ఉండేది. దాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో రాజాజీ ప్రభుత్వం మ్యూజియానికి పంపించింది. మన్రో గుర్రం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.