టర్బో పోయిందంటే డబ్బు తీసే ముందు దాని చరిత్ర వినండి

ఇవాళ్టి పోస్టు కొంచెం పొడుగు. పొద్దున పనులయ్యాక తీరిగ్గా చదవండి.

మన ఊళ్లల్లో తిరిగే డీజిల్ కార్లు చాలామటుకు సెకండ్ హ్యాండువే. పాత సఫారీ, బొలేరో, స్కార్పియో, ఇన్నోవా, స్విఫ్ట్. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగాక ఒకరోజు ఎత్తు మీద బండి లాగదు, వెనక పొగ కొడుతుంది. మెకానిక్ బానెట్ లేపి చూసి "టర్బో పోయిందన్నా" అంటాడు. ఆ ఒక్క మాటకి ఎకరం పంట పెట్టుబడి లేచిపోతుంది. కొత్తది వేయించాక ఆరు నెలలకి మళ్లీ అదే మాట విన్నవాళ్లు మనలో ఎందరున్నారో మీకే తెలుసు.

టర్బో దానంతట అది పోవడం తక్కువ. ఆయిల్ అందక పోతుంది, దుమ్ము తిని పోతుంది, వేడికి పోతుంది. ఈ జబ్బులు నిన్న మొన్నటివి కావు. అందుకే కథ మొదటినుంచీ చెప్తా.

కమ్మరి కొలిమి అందరూ చూసిందే. తిత్తి గట్టిగా ఊదితేనే బొగ్గు బాగా మండుతుంది, ఇనుము ఎర్రబడుతుంది. ఇంజిన్ కూడా అంతే. డీజిల్ ఎంత పోసినా గాలి చాలకపోతే అది మండదు, నల్ల పొగై బయటికి పోతుంది. మరి గాలి ఎక్కువ ఊదాలంటే తిత్తి తిప్పేదెవరు? ఇంజిన్ బలమే వాడుకుంటే వచ్చిన లాభంలో కొంత దానికే పోతుంది.

స్విట్జర్లాండులో వింటర్‌థూర్ అనే ఊళ్లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ బూకీ అనే ఇంజినీరు దీనికి దారి చూపాడు. డీజిల్లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా సైలెన్సర్ గుండా వృథాగా పోతుంది. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకి రెండోవైపు ఇంకో చక్రం పెట్టి, దాంతో ఇంజిన్‌లోకి గాలి ఊదిస్తే? అంటే కొలిమి పొగే తిత్తిని తిప్పాలన్నమాట. 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

ఆలోచన వచ్చింది కానీ పనిలోకి రావడానికి 20 ఏళ్లు పట్టింది. ఆ వేడికి ఆగే లోహాలు, ఆ వేగానికి నిలిచే బేరింగులు అప్పట్లో సరిగా లేవు. 1925 నాటికి గాని బూకీ డీజిల్ ఇంజిన్ బలం 40 శాతం పైగా పెంచి చూపలేకపోయాడు. తర్వాత ప్రాయిసెన్, హన్సేస్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో పెట్టారు. 1750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2500 ఇచ్చింది. సిలిండర్లు పెంచలేదు, ఇంజిన్ సైజు పెంచలేదు, గాలి పెంచారంతే.

ఈలోగా విమానాలవాళ్లకి వేరే బాధ వచ్చింది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసపడుతుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన ఒక విమానం ఇంజిన్‌ని టర్బోతో సహా సుమారు 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండ మీదకి ఎక్కించి మరీ పరీక్ష చేశాడు. కింద ఎంత బలం ఇస్తుందో పైనా అంతే ఇచ్చింది.

ఇక మన కళ్లతో చూసిన టర్బో సంగతికి వద్దాం. రైల్వే డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్లు గుర్తున్నాయా? 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. కాజీపేట, గుత్తి షెడ్లలో ఇవే ఉండేవి. స్టేషన్ నుంచి కదిలేటప్పుడు ఆకాశం నల్లబడేలా పొగ వదిలేవి. ఎందుకు? డ్రైవరు డీజిల్ పెంచగానే డీజిల్ వెంటనే వచ్చేస్తుంది. టర్బో చక్రం మాత్రం పొగ పెరిగితేనే వేగం అందుకుంటుంది. ఆ మధ్యలో డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. చక్రం అందుకున్నాక పొగ తగ్గిపోయేది.

మీ కారుకీ ఇదే లెక్క. యాక్సిలరేటర్ తొక్కగానే కొంచెం నల్లపొగ వచ్చి ఆగిపోతే పాత బండికి అది పెద్ద జబ్బేమీ కాదు. తొక్కినంతసేపూ నల్లపొగే వస్తూ, పికప్ లేకపోతే గాలి ఎక్కడో పోతోందని అర్థం. అప్పుడు టర్బో మీద పడకుండా ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడినుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు పైపులు తడమండి. క్లిప్పు వదులైనా, పైపు అడుగున చీలినా అక్కడ ఆయిల్ జిడ్డుకి దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది. బండి లాగేటప్పుడు బుస్సుమని శబ్దం కూడా వస్తుంది. ఒక పైపు, రెండు క్లిప్పులతో పోయేదానికి టర్బో మార్చినవాళ్లున్నారు.

కొన్ని బండ్లలో వీజీటీ రకం ఉంటుంది, లోపల చిన్న రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఎప్పుడూ ఊళ్లోనే మెల్లగా తిప్పితే వాటికి మసి పట్టి ఇరుక్కుంటాయి. చాలావరకు విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది. వాక్యూమ్ పైపు పగిలినా అదే లక్షణం, ఆ పైపు ఖరీదెంతని!

వ్యవసాయానికి టర్బో కార్లకన్నా ముందే వచ్చింది, ఈ మాట చాలామందికి తెలియదు. 1961లో అమెరికాలో అల్లిస్-చామర్స్ డీ19 ట్రాక్టరు ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చింది. పొలం దుమ్ములో పనిచేసేదానికి ఫిల్టర్ ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఫిల్టర్‌ని లోపలివైపు నుంచి బయటికి, తక్కువ గాలితో ఊదాలి. బయటినుంచి గట్టిగా ఊదితే కాగితం చిరుగుతుంది, సన్నటి ఇసుక లోపలికి పోయి చక్రం రెక్కల అంచులు అరగదీస్తుంది. కోత మిషన్ ఉన్నవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

కార్లలోకి 1962లో అమెరికాలోనే వచ్చింది, పెట్రోలు బండ్లకి. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారులో టర్బోతోపాటు ఒక ప్రత్యేక ద్రవం సీసాలో పోస్తూ ఉండాలి. జనం పోయలేదు. చివరికి చాలా బండ్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించారు.

డీజిల్ కారుకి దారి వేసింది మెర్సిడెస్. 1978లో 300ఎస్‌డీ అనే కారుని అమెరికాకి పంపింది. అక్కడ మైలేజీ చట్టం వచ్చింది, పెద్ద కార్లు అమ్మాలంటే తక్కువ తాగే ఇంజిన్ కావాలి. నాకు నచ్చే సంగతేమంటే వాళ్లు ఉన్న ఇంజిన్‌కి ఊరికే టర్బో తగిలించి ఊరుకోలేదు. పిస్టన్ల కిందికి ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టారు, ఎగ్జాస్ట్ వాల్వులు వేడి లాగేసేలా లోపల సోడియం నింపారు. వేడి, ఆయిల్ చూసుకుంటే టర్బో దానంతట అది బతుకుతుందని వాళ్లకి తెలుసు.

మనదగ్గర అంబాసిడర్ డీజిల్‌కి గాని, 2000లో వచ్చిన క్వాలిస్‌కి గాని టర్బో లేదు. 1998లో సఫారీ, 2002లో స్కార్పియో, 2005లో ఇన్నోవా, 2007లో స్విఫ్ట్ డీజిల్ టర్బోతో వచ్చాయి. బండి మారింది, మన అలవాటు మారలేదు. ఇంటిముందు ఆపగానే తాళం తిప్పేస్తాం.

కారు టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పలచటి ఆయిల్ పొర. హైవే మీద తోలి వచ్చి వెంటనే ఆపేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది, ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గే సన్నటి ఆయిల్ పైపుకి అడ్డం పడుతుంది. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు స్లోలో ఉంచండి.

టర్బో నిజంగా పోయిందో లేదో చూడాలంటే ఇంజిన్ ఆపి, చల్లారాక గాలి పైపు ఊడదీసి చక్రం మధ్యలో నట్టు రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకి కొంచెం ఆడితే ఫరవాలేదు, ఆయిల్ పొరకి ఆ సందు కావాలి. ముందుకీ వెనక్కీ ఆట తెలిసినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా పోయినట్టే. పైపులో కాస్త ఆయిల్ జిడ్డు ఉండటం మామూలే, దానికి భయపడొద్దు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. అప్పుడు కూడా ఆయిల్ వెనక్కి దిగే పైపు, ఇంజిన్ బ్రీదర్ మూసుకున్నాయేమో చూడమనండి. అవి మూసుకుంటే మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది.

ఒకటి మాత్రం ఇంట్లో బండి తోలే పిల్లలందరికీ చెప్పండి. సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్నే తాగి దానంతట అదే రేసవుతుంది. తాళం తీసినా ఆగదు. గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, పై గేరు వేసి క్లచ్ ఒక్కసారి వదిలేయండి, ఆగిపోతుంది. ఆగకపోతే దిగి దూరం పొండి. బానెట్ ఎత్తి గాలి పైపుకి చెయ్యో గుడ్డో అడ్డం పెట్టొద్దు.

టర్బో మార్చాల్సిందే అయితే షాపువాడితో ముందే మాట్లాడుకోండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు కూడా కొత్తది, పాతది ఊది పెట్టొద్దు. పాత చక్రం విరిగి ఉంటే ఇంటర్‌కూలర్ విప్పి ముక్కలు తీయాలి. బిగించాక టర్బోలో ఆయిల్ పోసి, స్టార్ట్ అవకుండా కాసేపు సెల్ఫ్ తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. పాత టర్బో మాత్రం అక్కడ వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి, లోపలి కోర్ మార్చి బాగుచేసేవాళ్లు పట్నంలో ఉంటారు.