ప్రయోగశాల జంతువుల్లో పట్టుదల, తట్టుకునే శక్తి: కొలతల చరిత్ర

ఒక జంతువు ఎంతసేపు ప్రయత్నిస్తుంది, ఎప్పుడు చేతులెత్తేస్తుంది, దెబ్బ తిన్నాక ఎలా కోలుకుంటుంది అన్నవాటిని అంకెల్లో పట్టుకోవాలన్న ప్రయత్నం దాదాపు వందేళ్లుగా సాగుతోంది. ఎలుక మీటను ఎన్నిసార్లు నొక్కిందో, నీళ్లలో ఎంతసేపు ఈదిందో లెక్కపెట్టడం తేలికే. ఆ లెక్కకు అర్థం చెప్పడంలోనే శాస్త్రజ్ఞులు పదేపదే అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది.

తొలి కొలతలు సూటిగా ఉండేవి. కొలంబియా విశ్వవిద్యాలయంలో సి.జె. వార్డెన్ బృందం ఎలుకకూ అది కోరుకునేదానికీ మధ్య కరెంటు షాక్ కొట్టే కడ్డీలు పరిచి, 20 నిమిషాల్లో ఎన్నిసార్లు దాటుతుందో చూసింది. 1931లో వెలువడిన ఈ ఫలితాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు దాటినవి పిల్లల కోసం వెళ్లిన తల్లి ఎలుకలు. దప్పిక, ఆకలి ఆ తర్వాతే. 1961లో విలియం హోడోస్ షాక్ అవసరం లేని పద్ధతి తెచ్చాడు. ప్రతి బహుమతికీ అంతకుముందుకన్నా ఎక్కువసార్లు మీట నొక్కాలి. జంతువు ఎక్కడ మానేస్తే అదే దాని ‘బ్రేకింగ్ పాయింట్’. వ్యసనాలపై పరిశోధనల్లో ఇది నేటికీ వాడుకలో ఉంది.

బాగా ప్రచారంలోకి వచ్చింది మాత్రం జాన్స్ హాప్కిన్స్‌లో కర్ట్ రిక్టర్ చేసి 1957లో ప్రచురించిన ప్రయోగం. ఎలుక తేలుతూ సేదదీరకుండా నీటిధార పడే లోతైన గాజుజాడీల్లో అతను ఎలుకలను వదిలాడు. నీరు గోరువెచ్చగా ఉంటే పెంపుడు ఎలుకల్లో చాలావరకు 40 నుంచి 60 గంటలు ఈదాయి. బయట పట్టుకొచ్చిన ఎలుకలు, ఈతలో ఆరితేరినవే అయినా, మీసాలు కత్తిరించి వదిలితే 1 నుంచి 15 నిమిషాల్లో చనిపోయాయి. వాటి గుండె వేగం పెరగలేదు, నెమ్మదించి ఆగిపోయింది. అదే రకం ఎలుకలను ముందుగా కొన్నిసార్లు కాసేపు నీళ్లలో ఉంచి బయటికి తీస్తే, తర్వాత పెంపుడు ఎలుకలంతసేపూ ఈదాయి. దీన్ని ‘ఆశ మహిమ’గా చెప్పే ప్రసంగాల్లో అసలు విషయం తప్పిపోతుంది: 15 నిమిషాలు, 60 గంటలు అన్న అంకెలు మొదట వచ్చింది రెండు వేర్వేరు రకాల ఎలుకల నుంచి. పైగా నీరు చల్లగా ఉంటే పెంపుడు ఎలుకలు కూడా నిమిషాల్లోనే అలిసిపోయేవి.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కలపై పనిచేశారు. తలతో పలకను నొక్కి షాక్ ఆపుకోగలిగిన కుక్కలు తర్వాత అడ్డుగోడ దూకి తప్పించుకోవడం ఇట్టే నేర్చుకున్నాయి. అంతే షాక్ తిన్నా, ఆపుకునే దారి లేని కుక్కల్లో ఎక్కువ భాగం దూకే వీలున్నా కదలలేదు. వాటిని పట్టీతో అవతలికి పదేపదే లాగితేగానీ మళ్లీ తమంతట తాము దూకలేదు. ‘నిస్సహాయత నేర్చుకున్నాయి’ అన్నారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేశారు: దీర్ఘకాలం బాధ పడితే నిశ్చలమైపోవడం మెదడు సహజ స్పందన, జంతువు నేర్చుకునేది ‘నా చేతుల్లో ఉంది’ అన్న సంగతినే. ఆ సంగతిని మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ గుర్తించి ఆ స్పందనను అణచివేస్తుంది. ఈ రంగంలో ఇంతటి నిజాయితీ గల దిద్దుబాటు మరొకటి లేదనిపిస్తుంది.

1977లో రోజర్ పోర్సోల్ట్ బృందం ఈత పరీక్షను మందుల పరీక్షగా మార్చింది. ఎలుక కదలకుండా తేలితే నిరాశ అన్నారు. డిప్రెషన్ మందులు ఆ సమయాన్ని తగ్గించాయి. పరీక్ష చవక, త్వరగా అయిపోతుంది, అందుకే ప్రపంచమంతా పాకింది. అయితే బయటపడే దారి లేనప్పుడు కదలక తేలడం శక్తిని కాపాడుకునే తెలివైన పనీ కావచ్చు. మనుషుల్లో ప్రభావం చూపడానికి వారాలు పట్టే మందులు ఇక్కడ ఒకటి రెండు రోజుల్లోనే పనిచేసినట్టు కనిపించడం మరో చిక్కు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో ఈ పరీక్షను చట్టంతో నిషేధించింది.

తట్టుకునే శక్తిని విడిగా కొలవడం ఇటీవలి పరిణామం. ఎరిక్ నెస్లర్ బృందం చుంచెలుకలను 10 రోజుల పాటు రోజుకో దూకుడు చుంచెలుక బోనులో పెట్టి ఓడనిచ్చింది. తర్వాత కొన్ని తోటివాటికి దూరంగా మూలకు చేరాయి, కొన్ని ఎప్పటిలా దగ్గరకు వెళ్లాయి. 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మెదడులోని డోపమైన్ కేంద్రంలో జన్యుచర్యల మార్పులు ఎక్కువగా కనిపించింది ఈ రెండో గుంపులోనే. అంటే తట్టుకోవడం దెబ్బ తగలకపోవడం కాదు, మెదడు పనిగట్టుకుని చేసే సర్దుబాటు. మగ చుంచెలుకలు ఆడవాటిపై సాధారణంగా దాడి చేయవు కాబట్టి ఈ పద్ధతి చాలాకాలం మగవాటికే పరిమితమైంది. ఆడ చుంచెలుకల కోసం మార్చిన పద్ధతులు ఆలస్యంగా వచ్చాయి.